‘ప్రతిభ, సేవ’: మధ్యలోని కామాను ఎలా చదవాలి?

ప్రశ్న | గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘంలో నేను కార్యవర్గ సభ్యుడిని. రెండేళ్లకొకసారి జరిగే ఆత్మీయ సమ్మేళనంలో ఐదుగురు పూర్వ విద్యార్థులకు ‘విశిష్ట పూర్వ విద్యార్థి’ పురస్కారం ఇవ్వడం మా సంఘంలో ఆనవాయితీ. ఈసారి ఎంపిక సంఘంలో నన్ను కూడా వేశారు. శాలువా, జ్ఞాపిక, సన్మాన పత్రం, భోజనాలు అనుకుంటూ ఇన్నేళ్లు కింద కుర్చీలలో కూర్చుని చూసిన నాకు, ప్రతిపాదనల దస్త్రం చేతికి వచ్చిన తర్వాతే ఈ పని ఎంత చిక్కైనదో అర్థమైంది.

మా నియమావళిలో అర్హతను చెప్పే వాక్యం ఒక్కటే ఉంది: ‘తమ రంగంలో విశేష ప్రతిభ, సమాజానికి చెప్పుకోదగిన సేవ కనబరచిన పూర్వ విద్యార్థులు అర్హులు.’ ఆ వాక్యంలోని కామాయే మా తగవుకు మూలం. రెండూ ఉండితీరాలని కొందరు, ఏదో ఒకటి ఉంటే చాలునని కొందరు వాదిస్తున్నారు. పాత మినిట్స్ పుస్తకాలు తిరగేస్తే, గత సంఘాలు అవసరాన్ని బట్టి ఒకసారి అలా, ఒకసారి ఇలా చదువుకున్నట్లు కనిపిస్తోంది.

ఇప్పుడు 23 ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో అధిక భాగం పదవుల చిట్టాలే. ఒకరు విదేశంలో పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థను నడుపుతున్నారు. సేవ అన్న గడిలో ఆయన తరఫున రాసినవారు ‘అనేక సేవా కార్యక్రమాలు’ అని మాత్రమే రాశారు. ఇంకొకరు బియ్యం మిల్లు యజమాని, కళాశాలకు తాగునీటి ప్లాంటు పెట్టించారు, రాబోయే సమ్మేళనానికి భోజనాల ఖర్చు కూడా భరిస్తానన్నారు. మూడో వ్యక్తి రంపచోడవరం ఏజెన్సీలో పనిచేసి పదవీ విరమణ పొందిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. కొండరెడ్డి తెగ పిల్లలకు జనన ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ పత్రాలు లేక గురుకులాలలో ప్రవేశం దొరకడం లేదని గమనించి, ఏళ్ల తరబడి వారి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని మండల కార్యాలయం చుట్టూ తిరిగి ఆ కాగితాలు పుట్టించిన మనిషి ఆయన. అయితే మా కళాశాలలో ఆయన డిగ్రీ రెండో సంవత్సరంలోనే చదువు మానేశారు. తర్వాత ఉపాధ్యాయ శిక్షణ పొంది ఉద్యోగంలో చేరారు. ఆయనను పూర్వ విద్యార్థి అనవచ్చునా అని మాలో ఒకరు అభ్యంతరం లేవనెత్తారు.

నేను అడిగేవి మూడు. కామాను ఎలా చదవాలి? దాతను సేవకుడిగా లెక్కించాలా? పట్టా లేనివారు పూర్వ విద్యార్థులవుతారా? ఇలాంటి సంఘాలలో పనిచేసినవారు అనుభవంతో చెబితే మేలు.

సమాధానం | ఎర్రమట్టి దిబ్బలు

గోదావరి గట్టు గారూ, విశాఖపట్నంలో మూడు దశాబ్దాలు పాఠం చెప్పి విరమించినవాడిని కనుక మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి సమాధానం చరిత్రలోనే ఉంది.

‘పూర్వ విద్యార్థి’ అన్న మాట మన ప్రాంతంలో ఎప్పుడూ సూటిగా లేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత చాలాకాలం కోస్తా జిల్లాల కళాశాలలన్నీ దానికే అనుబంధంగా ఉండేవి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేదాకా గుంటూరు, విజయవాడలలో డిగ్రీ చదివినవారి పట్టా మీద ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరే, వారిలో అనేకులు అది ఉన్న వాల్తేరు కొండను కంటితో చూసి ఉండకపోయినా సరే. మీ గోదావరి జిల్లాల కళాశాలలు 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చిన తర్వాత దాని పరిధిలోకి వెళ్లాయి. అంటే మీ కళాశాలలో ఒకే గదిలో, ఒకే బల్ల మీద కూర్చుని చదివిన అన్నదమ్ములు ఇద్దరు కాగితం మీద రెండు వేరువేరు విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థులు కావచ్చు. పట్టాయే గీటురాయి అనుకుంటే మీ కళాశాలకు అసలు పూర్వ విద్యార్థులే లేరు, ఎందుకంటే పట్టా ఇచ్చేది కళాశాల కాదు. కళాశాల దగ్గర ఉండేది ప్రవేశాల రిజిస్టరు. అందులో పేరు ఉంటే ఆయన మీవారే. ఆ రిజిస్టరు తీయించి, పేరున్న పుట నకలును దస్త్రంలో పెట్టండి, అభ్యంతరం తీరుతుంది.

కామా సంగతికి వస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకరు గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ఆయన ఇక్కడ గణితంలో ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్లారు. పాతికేళ్లు కూడా నిండని వయసులో, 1945లో ప్రచురించిన ఒకే ఒక వ్యాసంలో ఆయన నిరూపించిన ఫలితాలు నేటికీ క్రామర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అన్న పేర్లతో ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. గణాంక శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి 2023లో, ఆయనకు 102 ఏళ్లు నిండిన తర్వాత వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఈయన విషయంలో ‘సేవ ఏం చేశారు’ అని గడి నింపమని అడగడం హాస్యాస్పదంగా ఉంటుంది. ఒక అంచనాలో ఎంత పొరపాటు తప్పనిసరో చెప్పే లెక్క మందుల పరీక్ష నుంచి పంటల అంచనా దాకా ఎన్నిచోట్ల పనిచేస్తోందో లెక్కపెట్టగలవారెవరు?

రెండోవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆమె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదవదలచినప్పుడు ఎదురైన అడ్డంకి ఆడపిల్లలకు వసతి గృహం లేకపోవడం. తనలాగే చదువుకోవాలని ఉన్న అమ్మాయిలను ఆమె కూడగట్టి, వసతి తామే ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత న్యాయశాస్త్రం చదివారు, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు, 1975లో పద్మవిభూషణ్ పొందారు. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ నేటికీ నడుస్తోంది. విశాఖలో అదే విశ్వవిద్యాలయపు మహిళా అధ్యయన కేంద్రానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. ఈమె విషయంలో కామా ఎక్కడ పెడతారు? ఆమె ప్రతిభ ఏ రంగంలో అని అడిగితే సేవలోనే అనాలి.

కాబట్టి కామాను ‘లేదా’ అని చదవడమే న్యాయమని నా అభిప్రాయం. అయితే రెండింటినీ ఒకే తక్కెడలో తూచకండి. ప్రతిభకు లోకం ముందే ముద్ర వేసి ఉంటుంది, మీరు ఆ ముద్ర అసలుదా నకిలీదా అని చూసుకుంటే చాలు. సేవకు అలాంటి ముద్ర ఉండదు. దానిని పోల్చుకోవలసిన శ్రమ మీ మీదే ఉంటుంది, నిజానికి మీ పురస్కారం పనికివచ్చేది కూడా అక్కడే.

ఇంకొక మాట. ఈ పురస్కారాన్ని గౌరవ డాక్టరేటుతో కలపకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ‘కళాప్రపూర్ణ’ బిరుదును గిడుగు రామమూర్తి గారికి 1938లో ఇచ్చింది, తర్వాత కాలంలో జాషువా గారికి ఇచ్చింది. వారు అక్కడ చదివినవారు కారు. అది ఒక విద్యాసంస్థ పెద్దలకు చేసే నమస్కారం. మీది ఒక ఇల్లు తన పిల్లలను పేరుపెట్టి పిలవడం. ఊళ్లో పెద్ద మనిషి కదా అని చదవనివారిని కూడా ఈ జాబితాలోకి లాగే పని కొన్నిచోట్ల జరుగుతోంది, అందుకే చెబుతున్నాను.

సమాధానం | మినిట్స్ పుస్తకం

పై పెద్దాయన చరిత్ర చెప్పారు కనుక నేను చాకిరీ సంగతి చెబుతాను. మరో జిల్లాలోని ఒక కళాశాల సంఘానికి ఆరేళ్లు కార్యదర్శిగా ఉన్నాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకుందాం. మన కళాశాలలలో చాలా సంఘాలు న్యాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) బృందం వస్తోందన్న ఏడాదిలోనే ప్రాణం పోసుకుంటాయి. మా రోజులలో న్యాక్ మదింపులో అయిదో ప్రమాణం విద్యార్థులకు అందే తోడ్పాటు గురించి ఉండేది. అందులో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం ఒక అంశం. సంఘం రిజిస్టరై ఉందా, దాని వల్ల కళాశాలకు ఏం సమకూరింది అని అడిగేవారు. దానితో హడావుడిగా ఒక సమావేశం, నలుగురికి శాలువాలు, ఫొటోలు. మేమూ అలాగే మొదలుపెట్టాం. అలా మొదలవడం తప్పు కాదు, అక్కడే ఆగిపోతే తప్పు.

మా మొదటి పురస్కారాలలో ఒక సేవా పురస్కారం ఉంది. వైద్య శిబిరాలు నడిపారని పత్రికల కత్తిరింపులు, ఫొటోలు దండిగా పెట్టిన ఒక పెద్దమనిషికి అది ఇచ్చాం. తర్వాతి ఏడాది వేరే పని మీద ఆ ఊళ్లలో ఒకదానికి వెళ్లినప్పుడు అడిగితే, శిబిరం ఒక్క పూట జరిగిందనీ, రక్తపోటు చూసి నాలుగు మాత్రలు చేతిలో పెట్టి వెళ్లారనీ, మళ్లీ ఎవరూ రాలేదనీ చెప్పారు. ఫ్లెక్సీ మాత్రం ఒక పశువుల పాక మీద కప్పుగా పనికివస్తోంది. ఆ రోజు పడిన సిగ్గు వల్ల ఒక పద్ధతి పెట్టుకున్నాం. సేవ కింద వచ్చిన ప్రతి ప్రతిపాదనకు ఎంపిక సంఘం నుంచి ఇద్దరు, ఆ వ్యక్తికి ముందుగా చెప్పకుండా, ఆ పని జరిగిన చోటికి స్వయంగా వెళ్లాలి. పొగిడేవారిని కలవనక్కరలేదు, ఆ సేవ అందుకున్నవారిని కలవాలి. వారిని అడగవలసిన ప్రశ్న చిన్నదే: ‘ఆయన రావడం మానేస్తే మీకు ఏం ఇబ్బంది వస్తుంది?’ మీ ఏజెన్సీ ఉపాధ్యాయుడి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఎలా ఉంటుందో నేను ఊహించగలను. మిగతావారి విషయంలో మీరే వెళ్లి వినాలి.

ప్రతిపాదనలు వచ్చే దారి కూడా చూసుకోండి. మా దగ్గర అవి బ్యాచ్ వాట్సాప్ గుంపుల నుంచే వచ్చేవి, ఆ గుంపులు నడిపేది మగవాళ్లు. పెళ్లితో ఇంటిపేరు మారిన ఆడవాళ్లు పాత జాబితాలలో ఒక పేరుతో, బయట ఇంకొక పేరుతో ఉండిపోయి ఎవరికీ దొరికేవారు కారు. నాలుగు సమ్మేళనాలలో ఇచ్చిన పదహారు పురస్కారాలలో మహిళలు ఇద్దరే అని లెక్క తేలినప్పుడు, ఇద్దరు విశ్రాంత అధ్యాపకురాళ్లను పట్టుకుని వారి జ్ఞాపకంతో పాత విద్యార్థినుల జాబితా తిరిగి రాయించాం. అప్పుడు బయటపడిన పేర్లు చూసి మేమే ఆశ్చర్యపోయాం. అంగన్‌వాడీ పర్యవేక్షకురాలు, జిల్లా కోర్టులో ఉచిత న్యాయ సహాయం చేసే న్యాయవాది, ఊరి చెరువు ఆక్రమణ మీద పదేళ్లు పోరాడిన మాజీ సర్పంచి, వీరెవ్వరూ తమను తాము ప్రతిపాదించుకునే మనుషులు కారు. దరఖాస్తుల కోసం కూర్చుంటే దరఖాస్తు పెట్టగలవారే వస్తారు. వెతికే బాధ్యత కూడా ఎంపిక సంఘానిదే.

దాత విషయంలో మా నిబంధన మొరటుది, కానీ పనిచేసింది. పురస్కారం పొందే ఏడాదిలోనూ దానికి ముందు ఏడాదిలోనూ ఆ వ్యక్తి నుంచి సంఘం విరాళం తీసుకోదు. భోజనాల ఖర్చు భరిస్తానన్న మీ మిల్లు యజమాని గారి పేరు ఈసారికి పక్కన పెట్టండి, లేదా భోజనాలు వేరేవారితో పెట్టించండి. అలాగే ప్రతిపాదించిన వ్యక్తికి బంధువో భాగస్వామో అయిన సభ్యుడు ఆ పేరు చర్చకు వచ్చినప్పుడు గది బయటికి వెళ్లాలి, వెళ్లినట్లు మినిట్స్‌లో రాయాలి. ‘మనవాళ్లే కదా, ఎందుకండీ ఇదంతా’ అంటారు. మనవాళ్లు కాబట్టే ఇదంతా.

సమాధానం | గుంటూరు నుంచి అట్లాంటిక్ దాటి

మినిట్స్ పుస్తకం గారి నిబంధన వెనుక ఉన్న చేదు అనుభవాన్ని గౌరవిస్తూనే, దాత పక్షాన ఒక మాట చెప్పాలి. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో వైద్యం చేస్తున్నవారిలో నేనొకడిని.

మా చదువుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఎంత, మేము కట్టిన ఫీజు ఎంత అన్నది మా తరం వారందరికీ తెలుసు. ఆ అంతరం గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మా చేతుల కింద పడుకున్న పేద రోగుల మీద మేము వైద్యం నేర్చుకుని పూడ్చుకున్న అప్పు. అందుకే 1946లో మొదలైన ఆ కళాశాల పూర్వ విద్యార్థులు సముద్రాల అవతల సంఘం పెట్టుకుని, ఆ ఆసుపత్రికే తిరిగి ఇవ్వాలని తపన పడుతుంటారు. అక్కడి పొదిల ప్రసాద్ మిలీనియం బ్లాకు అలా వచ్చిందే. 2022లో అమెరికాలో ఉంటున్న ఒక పూర్వ విద్యార్థిని, తన భర్త పేరు మీద, తల్లీబిడ్డల ఆసుపత్రి భవనానికి 20 కోట్ల రూపాయలు ఇస్తున్నట్లు ప్రకటించారు. ఇది సేవ కాదని ఎవరైనా అనగలరా? ప్రసూతి వార్డులో ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలను పడుకోబెట్టిన రోజులు నా కళ్లతో చూశాను. గోడ కట్టించినవాడు కూడా ఒక పూట కాపు కాసినట్లే.

అయితే ఇక్కడ ఒక భేదం నేనే గీస్తాను. ఇచ్చినదానిని కళాశాలకు ఇచ్చారా, కళాశాల ద్వారా బయటి మనుషులకు ఇచ్చారా అన్నది చూడండి. సమ్మేళనానికి భోజనం పెట్టడం మనం మనకు పెట్టుకోవడం. తాగునీటి ప్లాంటు విద్యార్థులది, కొంత నయం. ఆసుపత్రి బ్లాకు ఊరందరిది. ఈ మూడింటికీ ‘విరాళం’ అన్న ఒకే మాట వాడటం వల్లనే తగవు వస్తోంది.

డబ్బు కాక మనిషే తిరిగి వచ్చిన సందర్భాలు వేరు. ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన కాకర్ల సుబ్బారావు గారు అమెరికాలో రేడియాలజిస్టుగా పేరు పొంది, అక్కడ తెలుగువారి సంఘం తానాకు మొదటి అధ్యక్షులై, 1980లలో హైదరాబాదు వచ్చి నిమ్స్‌కు తొలి సంచాలకులయ్యారు. మా గుంటూరు కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో నేత్ర వైద్యుడిగా స్థిరపడే అవకాశం వదులుకుని వచ్చి, 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను ప్రారంభించారు. ఆ సంస్థ గొప్పతనం భవనంలో కంటే దాని అమరికలో ఉంది. సుమారు 50,000 జనాభాకు ఒక ప్రాథమిక దృష్టి కేంద్రం, 5 లక్షలకు ఒక చిన్న కంటి ఆసుపత్రి, ఆపైన పెద్దవి, ఇలా మెట్లు కట్టి కళ్లజోడు అవసరమైన పల్లెటూరి మనిషి హైదరాబాదు రానవసరం లేకుండా చేశారు. ఆయనకు 2002లో పద్మశ్రీ వచ్చింది. ఎర్రమట్టి దిబ్బలు గారు అన్నట్లు ఇలాంటివారి దగ్గర కామా నిలవదు.

మీ సంఘానికి ఉపయోగపడే ఒక సాంకేతిక విషయం కూడా చెబుతాను. మీ ప్రవాస పూర్వ విద్యార్థి భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, బ్యాంకు ద్వారా ఆయన పంపే సొంత డబ్బు విదేశీ విరాళం కింద రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా మీ సంఘం రూపాయి తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలాంటి సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. పురస్కార సభ వేడిలో వేదిక మీద ప్రకటించిన విరాళాలు ఈ మెలిక తెలియక కాగితం మీదే ఉండిపోవడం నేను చూశాను. ప్రకటన వినగానే చప్పట్లు కొట్టేముందు కోశాధికారి ఆ పెద్దమనిషి పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోవడం మంచిది.

సమాధానం | అసమ్మతి

అందరూ ఎవరికి ఇవ్వాలో చెబుతున్నారు. అసలు ఇవ్వడం ఎందుకని ఒక్కరూ అడగలేదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేసుకోండి. భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. స్వదేశీ ఉద్యమ కాలంలో ఖద్దరు తొడుక్కుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. దక్కక, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పత్రంతో బయటపడ్డారు. హార్వర్డులో కండరాలకు శక్తినిచ్చే రసాయనాల మీద పరిశోధన చేసినా శాశ్వత పదవి రాలేదు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందాల నుంచి బోదకాలు వ్యాధికి వాడే మందు, టెట్రాసైక్లిన్ తరగతిలోని మొదటి మందు, తర్వాత కేన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్‌కు దారితీసిన ఔషధాలు వచ్చాయి. 1948లో మరణించారు. మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది 1995లో, శతజయంతికి. బతికుండగా తన కళాశాలో, పనిచేసిన విశ్వవిద్యాలయమో ఆయనను సరిగా గుర్తించి ఉంటే చరిత్ర మారేదా అంటే మారేది కాదు. ఆయన పని ఆగలేదు.

మరోవైపు ఎస్.ఆర్. శంకరన్ గారు. వెట్టిచాకిరీ నిర్మూలనకు, దళిత గిరిజనుల కోసం జీవితమంతా ధారపోసిన ఆ అధికారి 2005లో ప్రకటించిన పద్మభూషణ్‌ను స్వీకరించలేదు. నిజంగా సేవ చేసేవాడికి మీ శాలువా అక్కరలేదు, అక్కర ఉన్నవాడికి ఇవ్వకూడదు. ఆ డబ్బుతో ప్రతి ఏటా ఇద్దరు పేద పిల్లలకు పరీక్ష రుసుము కట్టండి.

సమాధానం | ఎర్రమట్టి దిబ్బలు

అసమ్మతి గారి మాటలో నాకు నచ్చినది ఒకటి, నచ్చనిది ఒకటి ఉన్నాయి. పరీక్ష రుసుము ఆలోచన బాగుంది, అది పురస్కారానికి పోటీ కానవసరం లేదు. సుబ్బారావు గారి ఉదాహరణ మాత్రం మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. ఆయన పని ఆగలేదు నిజమే. కానీ ఆయన గురించి తెలియకుండా రెండు తరాల తెలుగు విద్యార్థులు వైద్యం చదువుకున్నారు. భీమవరం కుర్రాడొకడు టెట్రాసైక్లిన్ వెనుక ఉన్నాడని తెలిసి ఉంటే 1950లలో ఒక పల్లెటూరి పిల్లవాడికి కలిగే ధైర్యం వేరు. కిందటి వరుసలో కూర్చుని చూస్తున్న రెండో సంవత్సరం విద్యార్థి ఉన్నాడు కదా, పురస్కారం ముందుగా వాడి కోసం. అందుకే నేను ఎప్పుడూ ఒక సలహా ఇస్తాను: సన్మాన పత్రం చదివే పని మంత్రిగారి చేతికో ప్రిన్సిపాలు చేతికో ఇవ్వకండి. ఇప్పుడు చదువుతున్న విద్యార్థి చేత రాయించండి, చదివించండి. రాయడానికి ఆ పిల్లవాడు వెళ్లి ఆ మనిషిని కలిసి మాట్లాడవలసి వస్తుంది. సగం ప్రయోజనం అక్కడే నెరవేరుతుంది. పద్యాలతో, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ వంటి విశేషణాలతో నిండిన సన్మాన పత్రాలు నేను వందలు విన్నాను. ఒక్కదానిలోనూ ఆ మనిషి ఏం చేశాడో తెలియలేదు.

ప్రశ్న అడిగినవారు | గోదావరి గట్టు

నెలన్నర తర్వాత తిరిగి రాస్తున్నందుకు మన్నించండి. మీ సలహాలలో చాలావాటిని ఎంపిక సంఘం ముందు పెట్టాను. అన్నీ గెలవలేదు.

ప్రవేశాల రిజిస్టరు దొరికింది. 1979 నాటిది, చెదలు తిన్న అంచులతో, అటెండరు గారు బీరువా వెనుక నుంచి తీసి ఇచ్చారు. ఏజెన్సీ ఉపాధ్యాయుడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. చివరి గడిలో ‘రుసుము బకాయి, పేరు తొలగించడమైనది’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. అభ్యంతరం చెప్పిన మా సభ్యుడు ఆ గడి చూసి ఇంకేమీ మాట్లాడలేదు. బకాయి మొత్తం చదివితే ఇవాళ ఒక టీ, రెండు సమోసాల ధర కూడా కాదు.

మినిట్స్ పుస్తకం గారి మాట ప్రకారం నేను, మరొక సభ్యురాలు ఏజెన్సీకి వెళ్లి వచ్చాం. చెప్పకుండానే వెళ్లాం. ఆయన ఊళ్లో లేరు. ఎవరి ఆధార్ కార్డులోనో పుట్టిన తేదీ తప్పు పడితే సరిచేయించడానికి వెళ్లారట. ‘ఆయన రావడం మానేస్తే’ అన్న ప్రశ్న ఒక తల్లిని అడిగాం. ఆమెకు మా ప్రశ్న అర్థం కాలేదు. ‘మానేస్తే అంటే? ఒంట్లో బాగోలేదా?’ అని కంగారుగా ఎదురు అడిగింది. ఆ తర్వాత మేము వేరే ప్రశ్నలేవీ అడగలేదు.

సాఫ్ట్‌వేర్ సంస్థ అధిపతి పేరును ప్రతిభ కింద ఉంచాం. ఆయన పేటెంట్ల వివరాలు తెప్పించి చూశాం, అవి నిక్కచ్చిగా ఉన్నాయి. ‘అనేక సేవా కార్యక్రమాలు’ అన్న వాక్యాన్ని మాత్రం కొట్టేశాం, దానికి ఆయన కూడా నొచ్చుకోలేదు. మిల్లు యజమాని గారి విషయంలో నేను ఓడిపోయాను. అనుకూలంగా మూడు ఓట్లు, వ్యతిరేకంగా రెండు ఓట్లు పడి ఆయన పేరు నిలిచింది, భోజనాలూ ఆయనవే. నా అసమ్మతిని మినిట్స్‌లో రాయించాను. గుంటూరు వైద్యుడు గారు గీసిన భేదం చదివి వినిపించినప్పుడు అధ్యక్షులు నవ్వి, ‘వచ్చేసారి చూద్దాం’ అన్నారు. పాత అధ్యాపకురాలి సాయంతో వెతికితే దొరికిన ఇద్దరు మహిళల పేర్లు మిగతా రెండు స్థానాలలోకి వచ్చాయి.

నియమావళి సవరణ ప్రతిపాదనను సర్వసభ్య సమావేశానికి పంపుతున్నాం. కామా తీసేసి ‘ప్రతిభ లేదా సేవ’ అని రాశాం. దాని కింద ఇంకొక వాక్యం చేర్చాం: ‘ప్రవేశాల రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరూ పూర్వ విద్యార్థులే.’ ఉపాధ్యాయుడి సన్మాన పత్రం రాయడానికి రెండో సంవత్సరం బి.ఎస్సీ. అమ్మాయి ఒకరు ఒప్పుకున్నారు. ఆమెది కూడా ఏజెన్సీ ఊరే. పోయిన ఆదివారం ఆయనను కలిసి వచ్చింది. పత్రంలో ఎర్ర సిరా గడి సంగతి రాయాలా వద్దా అని నన్ను అడిగింది. ఆయననే అడగమన్నాను, ఇంకా జవాబు రాలేదు.